చాటెడు తవుడు

ఈదమ్మ పోయిన సంగతి నాకు దినాలు కూడా అయిపోయాక తెలిసింది. అదీ ఎవరో పనిగట్టుకుని చెబితే కాదు. వనపర్తిలో డిగ్రీ చదువుతున్న ఆమె మనవరాలు వేరే పని మీద ఫోన్ చేసి, మాటల మధ్యలో "మా నాయనమ్మ పోయింది సార్, మీకు తెల్వదా" అన్నది. తెల్వదన్నాను. వాళ్లింట్లో వాళ్లు నాకు కబురు చేయకపోవడంలో తప్పేమీ లేదు. కబురు చేయాల్సిన సంబంధం లేకుండా చేసుకున్నది మేమిద్దరమే, నేనూ ఆ ముసలమ్మా. ఫోన్ పక్కన పెట్టి కూర్చుంటే మా ఆవిడ సుశీల వచ్చి ఎవరని అడిగింది. ఈదమ్మ పోయిందట అన్నాను. ఆమె తలుపు దగ్గరే నిలబడి, "నీళ్లు పెట్టనా, తలస్నానం చేస్తారా?" అంది. మాలో అయినవాళ్ల చావు కబురు వింటే స్నానం చేస్తాం. స్నానం చేయకుండా, అన్నం తినకుండా సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను.

బొమ్మలు వేసేవాడికి చెప్పుకోదగ్గ బాల్యం ఒకటి ఉండి తీరాలని జనం అనుకుంటారు. ఎగ్జిబిషన్ పెట్టిన ప్రతిచోటా ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతారు, చిన్నప్పుడు ఏం చూశారు, ఎక్కడ తిరిగారు అని. నాకు బాల్యం లేదండీ, నేను నేరుగా బడిలోనే పుట్టాను అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. నేను నవ్వించడానికి చెప్పిన మాట కాదది. పట్నంలో, సికింద్రాబాద్ వైపు బస్తీలో, బడిలో వేసిన రోజు నుంచే నాకు గుర్తు. దానికి ముందు ఏమీ లేదు, గోడకు సున్నం కొట్టేసినట్టు. కోడేరు వైపు ఒక ఊరు మాదని తెలుసు. అక్కడ నన్ను పెంటయ్య అనేవాళ్లని, బడి సారుకు ఆ పేరు నచ్చక ప్రభాకర్ అని రాసుకున్నాడని తెలుసు. ఊరి సంగతి అడిగితే మా అమ్మ లచ్చమ్మ, "ఏమున్నది ఆడ, రాళ్లున్నయి" అనేది. రెండోసారి అడిగితే పొయ్యి దగ్గర నుంచి లేచి బయటికి పోయేది. మూడోసారి అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

నాన్న కట్టడాల దగ్గర మేస్త్రి కింద పని చేసేవాడు. సాయంత్రం ఆయన వస్తున్నాడంటే ముందు సిమెంటు వాసన వచ్చేది, తర్వాత మనిషి. అమ్మ ఆ చొక్కాను రోజూ ఉతికేది. ఉతికినా వాసన పోయేది కాదు, అయినా ఉతికేది. తెల్లారకముందే లేచి పంపు దగ్గర బిందెలు వరుసలో పెట్టి, వచ్చి జొన్నపిండి కలిపేది. ఆమె రొట్టె తట్టే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. గిన్నెలన్నీ చింతపండు, బూడిద వేసి తోమి గూట్లో బోర్లించేది. వాటిలో మన మొహం కనిపించాలి, లేకపోతే మళ్లీ తోమేది. నేను బడి నుంచి వచ్చేసరికి గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండేది, కళ్లు మాత్రం సందు మొదట్లో. నేను కనిపించగానే తల దించుకుని ఏమీ ఎరగనట్టు ఏరుకునేది. ముద్దు చేయడం ఆమెకు రాదని అప్పుడు అనుకున్నాను. మా చుట్టాల పిల్లలందరూ తల్లిని అవ్వ అనేవాళ్లు. నేనొక్కణ్ణే అమ్మ అనేవాణ్ణి. పట్నం పద్ధతి కాబోలు అనుకునేవాణ్ణి.

మా ఇంట్లో మట్టికుండ ఉండేది కాదు. ఎండాకాలం బస్తీ అంతా కుండ నీళ్లు తాగేది, మేం స్టీలు బిందెలో వేడెక్కిన నీళ్లు తాగేవాళ్లం. హైస్కూల్లో ఉండగా ఒక కిరాణా కొట్టుకు బోర్డు రాసి, ఆ డబ్బులతో రంజన్ కుండ కొనుక్కొచ్చాను. అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె దాన్ని చూసి, చంకనెత్తుకుని పక్కింటివాళ్లకు ఇచ్చేసి వచ్చింది. "నాకు మట్టివాసన పడదు" అన్నది. నాకేమో ఆ వాసన తగిలితే నోట్లో నీళ్లూరేవి. వాన పడ్డ నేల వాసన అందరికీ ఇష్టమే, అది వేరు. తడిపిన బంకమట్టి వాసన వస్తే నాకు ఆకలయ్యేది. దాని గురించి ఎవరికీ చెప్పలేదు, పిచ్చోడంటారని.

పెద్దయ్యాక కొన్నేళ్లు గద్వాలలో డ్రాయింగు మాస్టారుగా ఉన్నాను. మొదటి జీతంతో అమ్మకు అక్కడి నేతచీర కొన్నాను, నూలుచీరకు పట్టు అంచు. "నాకెందుకురా ఇంత అంచు" అని తిట్టి, నా పెళ్లికి ఒక్కసారి కట్టి, మడతపెట్టి దాచుకుంది. గద్వాల నుంచి మా ఊరు ఏమంత దూరం కాదు. బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు. ఒక్కసారీ పోలేదు. పోవాలని అనిపించలేదు కూడా. నేను అప్పటికే ఎర్రటి నేల మీద తెల్లటి గీతలు వేయడం మొదలుపెట్టాను. ఏటవాలు గీతలు, వాటి సందుల్లో చుక్కలు, పైన ఒక అంచు. ఇన్నేళ్లుగా అవే. ఒకాయన వాటిని వాన అని రాశాడు. ఇంకొకాయన కాలం అన్నాడు. అడిగినవాళ్లకు నేను ఆ పూట నోటికొచ్చింది చెప్పి పంపేవాణ్ణి.

వనపర్తిలో ఒక కాలేజీవాళ్లు పిలిచి శాలువా కప్పారు. మైకులో నా పాత పేరు, ఊరి పేరు చెప్పి, అంతకు మించి నాకేమీ తెలియదని చెప్పాను. భోజనాలయ్యాక బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఒకామె నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. ఎండలో పడి వచ్చినట్టుంది, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"సార్, పెంటయ్య మీరేనా?"

అవునన్నాను.

"నేను జయమ్మను సార్. కుమ్మరోళ్ల ఈదమ్మ చిన్నకోడలిని. మా బిడ్డ ఈడ్నే చదువుతది. పొద్దుగాల మీరు మైకుల చెప్పంగ ఇని ఫోన్ చేసింది. మా అత్త ఒక్కతీరుగ ఏడుస్తుంది, తోల్కరమ్మని. మీరు ఆమె కొడుకంట గద."

నేను ఎవరి కొడుకునో నాకు తెలుసమ్మా, నువ్వేదో పొరపాటు పడ్డావు అన్నాను. కొంచెం విసుగ్గానే అన్నాను. జయమ్మ వెనక్కి తగ్గలేదు.

"కన్న కొడుకు గాదు సార్. తవుడుకు కొన్న కొడుకు."

ఆమె అక్కడే మెట్ల మీద నిలబడి చెప్పింది. మా అమ్మకు నా కంటే ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. నేను పుట్టగానే పెంట మీద పొర్లించి, పెంటయ్య అని పేరు పెట్టి, చాటలో వేసి కుమ్మరి ఈదమ్మ ముందు పెట్టారు. పిల్లలు నిలిచిన ఇంటి ఆడమనిషి చాటెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కోవాలి. అప్పుడు ఆ బిడ్డ ఈ ఇంటివాడు కాదు, చావు వచ్చి వెతికినా కనపడడు. పెళ్లీడు వచ్చేలోపు కన్నతల్లి ఆ తవుడు తిరిగి పోసి బిడ్డను తెచ్చుకోవాలి. మా వైపు పెంటయ్యలూ పెంటమ్మలూ అందరూ అలా అమ్ముడుపోయి తిరిగి వచ్చినవాళ్లే. "మీ తవుడు తిరిగి పొయ్యలేదంట సార్" అన్నది జయమ్మ. "అది పోసిపొమ్మని మా అత్త పరేషాన్."

ఆ రోజే ఆమె వెంట పోయాను. కారులో ఆమె ముందు సీట్లో ముడుచుకుని కూర్చుంది. నేను రాళ్లున్నాయని విన్న ఊరికి పోయేదారి పొడుగునా వరిచేలున్నాయి. కాలువ నీళ్లొచ్చాయి. నాట్లు వేస్తున్నవాళ్ల మాట తెలుగు కాదు. ఎక్కడెక్కడి నుంచో రైళ్లెక్కి వచ్చిన కూలీలని జయమ్మ చెప్పింది. ఒకప్పుడు మా ఊళ్ల నుంచి అలాగే పోయేవాళ్లు, పాలమూరు కూలీలని దేశమంతా పేరు. ఇప్పుడు ఇక్కడికే వస్తున్నారు. వాళ్లు తమ పిల్లలను ఎవరి దగ్గర వదిలి వచ్చారో.

ఈదమ్మ నవారు మంచం మీద ఉంది. చేతుల నిండా పచ్చబొట్లు, చెవితమ్మెలు సాగి భుజాలను అంటుతున్నాయి. కళ్లకు పొర కమ్మింది. జయమ్మ "వచ్చిండత్తా" అనగానే చేతులు చాపింది. "ఇట్ల రా పెంటిగా. వంగు" అన్నది. డెబ్బై ఏళ్లవాణ్ణి, శాలువా కప్పించుకుని వస్తున్నవాణ్ణి, వంగాను. మంచం బాగా కిందికి ఉంది, వంగితే నడుము పట్టేసింది, నేల మీదే కూర్చున్నాను. ఆమె నా తల వెనక వెతికి మచ్చ పట్టుకుంది. చిన్నప్పుడు రాయి తగిలిందని మా అమ్మ చెప్పిన మచ్చ అది.

"కుండలు కాల్చిన ఆము ఇప్పుతుంటె పెంకెగిరి తాకింది" అన్నది ఈదమ్మ. "నువ్వు ఏడవకపోతివి. నేనే ఏడ్చిన."

సినిమాల్లోలాగా అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయని రాయాలని ఉంది గానీ అలా జరగలేదు. ఆ రోజు గుర్తొచ్చింది ఒక్కటే. ఆమె మణికట్టు కింది భాగం నా మొహానికి తగిలినప్పుడు, అది చల్లగా ఉంటుందని నాకు ముందే తెలుసు. తగలకముందే తెలుసు. మిగిలినదంతా ఆమె చెప్పింది. తర్వాత నేను పోయినప్పుడల్లా చెప్పింది. ఇప్పుడు ఏది నా జ్ఞాపకమో, ఏది ఆమె మాటో విడదీయలేను. విడదీయాలని కూడా లేదు.

నాకు అడుగులు వచ్చిన కొత్తలోనే అమ్మానాన్న ఆనకట్ట పనికి పోయారట. అక్కడ గుడిసెల్లో పిల్లలు దక్కడం లేదని విని, అమ్మే నన్ను కొన్నామె దగ్గర వదిలిపెట్టింది. మొదట ఒకసారి వచ్చి చూసిపోయారు, తర్వాత ఇంకా దూరం పోయారు. నేను ఈదమ్మ ఇంట్లో ఆమె ఇద్దరు కొడుకులతో పెరిగాను. పొద్దున్నే చెరువుమట్టి జల్లెడ పట్టేవాళ్లు. నీళ్లు పోసి తొక్కే పని పిల్లలది. తొక్కి తొక్కి కాళ్లు పాసిపోయేవట. ఆ కాళ్లతోనే వచ్చి జొన్నగట్క, పచ్చిపులుసు ముందు కూర్చునేవాళ్లం. తడిమట్టికీ ఆకలికీ ఉన్న లంకె నాకు అక్కడ దొరికింది. కుండలు చేసే సారె తిప్పడం ఈదమ్మ మొగుడు బాలయ్య పని, ఆడవాళ్లు దాన్ని ముట్టరు. రంగు ఆడవాళ్లది. ఊళ్లో ఏ పెళ్లయినా కుమ్మరింటి నుంచి మేళంతో ఐరేని కుండలు తీసుకుపోవాల్సిందే. వాటికి ఎర్రటి జాజు పూసి, ఆరాక సున్నంతో గీతలు పెట్టేది ఈదమ్మ. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా పిడికిలి తన పిడికిట్లో పట్టుకుని గీయించేది. ఊరుకోబెట్టడానికి అలా చేసేదట, మరి దేనికీ కాదు. ఒక ఊరుకోని పిల్లవాడు ఆ రకంగా ఊరుకునేవాడట.

ఆ ఇంటి అటక మీద పాతవి రెండు కుండలు మిగిలాయి. జయమ్మ దించి దుమ్ము తుడిచింది. ఏటవాలు గీతలు, సందుల్లో చుక్కలు, పైన అంచు. నాకు ముందు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. జీవితమంతా నాదనుకున్నదాన్ని ఎవరో నా ముందు పెట్టి తుడుస్తున్నట్టుంది. తర్వాత ఆ కుండ మీద చెయ్యి వేశాను, ఇక తీయలేకపోయాను. ఈదమ్మకు నేను బొమ్మలేస్తానని, అవి ఇవేనని చెప్పాను. ఆమెకు అదేమీ వింతగా లేదు. "అందరం అవే ఏస్తం గద బిడ్డా" అన్నది. ఇప్పుడెవరూ వేయడం లేదు. సారె ఉన్న షెడ్డులో మోటార్ సైకిలు, ఎరువు బస్తాలు ఉన్నాయి. పెళ్లిళ్లు ఫంక్షన్ హాళ్లకు పోయాయి, కుండలు బజార్లో రంగులేసినవే దొరుకుతున్నాయి. అప్పుడు ఆ ఇంటికి మేళం వచ్చేది, బొట్టు పెట్టి, చీర పెట్టి కుండలెత్తుకునేవాళ్లు. ఇప్పుడు అయినవాళ్ల పెళ్లికి ఆమెకు కార్డు కూడా వాట్సాప్‌లో వస్తుందట, అదీ జయమ్మ ఫోన్‌కు.

అమ్మ నన్ను తీసుకుపోయిన రోజు సంగతి ఈదమ్మ ఒక్కసారే చెప్పింది. "నువ్వు ఆము ఎనక దాక్కున్నవు. 'అవ్వా, ఎవరో వచ్చిన్రు, నన్ను ఎత్కపోతరు' అని ఒకటే ఏడుపు. లచ్చమ్మ ఇన్నది. ఈ కడప మీదనే కూలబడ్డది. ఎన్నొద్దులకు వచ్చింది పాపం, నీకు అంగీ కుట్టిచ్చి తెచ్చింది. అది నీకు పొట్టిగయింది. తవుడు పోసి తీస్కపో చెల్లె, బిడ్డకు మంచిది అంటిని. 'నేను గన్న బిడ్డను నేను కొనుక్కునుడేంది' అన్నది. నిన్ను సంకనేస్కొని ఎండల్నే పోయింది. నువ్వు నా కొంగు ఇడవకపోతివి. నేనే ఏళ్లు ఒక్కొక్కటి ఇడిపిచ్చిన."

మా అమ్మ నాకు అర్థమైంది ఆమె పోయిన చాలా ఏళ్లకు, ఇంకొకరి గడప దగ్గర. సందు మొదట్లో పెట్టుకున్న ఆ కళ్లు దేనికి భయపడ్డాయో తెలిసింది. కుండను చంకనెత్తుకుని పక్కింట్లో పడేసి వచ్చింది ఎందుకో తెలిసింది. కన్నకొడుకు తనను చూసి ఎవరో వచ్చారని ఏడిస్తే విన్న మనిషి, ఆ తర్వాత బతికినన్నాళ్లూ నా నోట అవ్వ అనే పిలుపు వినలేదు. ఆమె అడగలేదు, నాకు తెలియలేదు. ఇద్దరు తల్లుల మధ్య పెరిగినవాణ్ణి అని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఒకామె వేళ్లు విడిపించింది, ఒకామె ఎత్తుకుపోయింది, నేను ఇద్దరినీ మరిచిపోయి బతికాను. ఒకామెను పూర్తిగా, రెండో ఆమెను పక్కనే ఉంచుకుని.

తవుడు మాట ఈదమ్మ మొదటిరోజే ఎత్తింది. నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

"నిన్ను కొన్ననాడు నాది పిల్లలు నిలిచే ఇల్లు. అందుకే కదా నా ముంగట పెట్టిన్రు. ఇప్పుడు గట్ల లేదు కొడుకా. పెద్దోడు బొంబాయి పనికి పోయి ఆడ్నే పాయె. చిన్నోడు టాక్టర్ కింద పడె. నా పేర నువ్వొక్కడివి మిగిలినవు. నేను బతికుండంగనే నిన్ను ఇడిపిచ్చుకపో."

"ఇప్పుడు నాకేమైతదవ్వా? ముసలోణ్ణయిన."

"ముసలోళ్లు సావరా?"

"ఇడిపించి నన్ను ఎవరికిస్తవు? అమ్మ లేదు, నాయిన లేడు."

"తల్లి లేకుంటె తల్లి కట్టిన చీర. ఒక్క చీరన్న దాచిపెట్టకపోతివా?"

దాచాను. కానీ చెప్పలేదు. చూస్తానన్నాను. ఆ తర్వాత చాలాసార్లు పోయాను, పోయినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుపోయేవాణ్ణి, పండ్లు, మెత్తటి దుప్పటి, కళ్ల డాక్టర్. తవుడు మాత్రం తీసుకుపోలేదు. మిల్లు బంద్ ఉంది అనేవాణ్ణి. వానల్లో తవుడు తడిసింది అనేవాణ్ణి. మంచం పక్కన నేల మీద కూర్చుంటే ఆమె నా తల నిమురుతూ కథలు చెప్పేది, జయమ్మ నన్ను బావా అని పిలిచేది, చాయ్‌లోకి చక్కెర ఎంతో అడగకుండానే వేసేది. డెబ్బై ఏళ్లకు దొరికిన తల్లిని చాటెడు తవుడు పోసి ఎవరు వదులుకుంటారు? అది మూఢనమ్మకమని కూడా చెప్పి చూశాను. ఆ మూఢనమ్మకం వల్లనే కదా నాకు ఆమె తల్లయింది. నా వాదన నాకే చెల్లలేదు.

తర్వాత నాకు గుండెలో నొప్పి వచ్చి దవాఖానలో చేరాను. పెద్దదేమీ కాదు, ఒక స్టెంటు వేసి పంపారు. కానీ ఊరికి పోవడం తప్పింది, సుశీల ఫోన్‌లో జయమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఇంటికి వచ్చాక జయమ్మ ఫోన్ చేసింది. "బావా, అత్త తింటలేదు. నీళ్లు గూడ బలిమికి తాపుతున్న. నా కొడుకును నేనే తింటున్న అంటుంది. వచ్చి ఆ తవుడేదో పోసిపో బావా. నీ కాళ్లు మొక్కుత."

ఇక నా ఇష్టంతో పనిలేదని అప్పుడు తెలిసింది. వనపర్తిలో రైస్‌మిల్లుకు పోయి చాటెడు తవుడు కావాలంటే, గుమాస్తా నన్ను పైకీ కిందికీ చూశాడు. తవుడంతా నూనె కంపెనీకి పోతుందట. "ఎన్ని బర్లున్నయి సార్?" అని అడిగాడు. లేవన్నాను. "మరెవరికి?" అన్నాడు. నాకే అన్నాను. బస్తా తీసుకుంటేనే ఇస్తానన్నాడు. తీసుకున్నాను. అంతకు ముందు ఇంటి దగ్గర సుశీల బీరువా తీసి అమ్మ గద్వాల చీరను ఇచ్చేటప్పుడు దాన్ని ఒకసారి మొహానికి ఆనించి చూసింది. కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ లేదు.

జయమ్మ చాట కడిగి ఆరబెట్టి మంచం ముందు పెట్టింది. నేను మామూలుగానే కింద కూర్చున్నాను. ఈదమ్మ బాగా పలచబడిపోయింది, గోడకు ఆనించి కూర్చోబెట్టాల్సి వచ్చింది. అమ్మ చీరను నా భుజాల చుట్టూ కప్పమంది. తల్లి ఎత్తుకున్నట్టు లెక్క అన్నది. నేను దోసిళ్లతో తవుడు చాటలో పోస్తుంటే సన్నటి దుమ్ము లేచి మా ఇద్దరి మీదా పడింది. ఆమె చెయ్యి నా తల మీద ఉంది, మణికట్టు చల్లగా నా చెవి పక్కన తగులుతోంది. చాట నిండింది. అయినా పోస్తూనే ఉన్నాను. జయమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈ పిలగాడు ఎవరి కొడుకు?" అని అడిగింది ఈదమ్మ.

ఏం చెప్పాలో జయమ్మ ముందే నేర్పింది. మా అమ్మ పేరు చెప్పాలి, అంతే. నేను చాట చుట్టూ ఒలికిన తవుడును వేలితో దగ్గరికి తోస్తున్నాను.

"చెప్పు బిడ్డా" అన్నది ఈదమ్మ మెల్లగా, ముద్ద పెట్టేటప్పుడు నోరు తెరవమన్నట్టు. "ఎవరి కొడుకువు?"

"లచ్చమ్మ కొడుకును" అన్నాను. ఆ మాట మా అమ్మ వినాల్సింది, ఆ రోజు పొట్టి అంగీ ఒళ్లో పెట్టుకుని ఆ గడప మీద కూర్చున్నప్పుడు వినాల్సింది. ఇప్పుడు విన్నది ఈదమ్మ.

"ముట్టింది" అన్నది. చెయ్యి నా తల మీద నుంచి తీసేసింది. గట్టిగా ఊపిరి వదిలింది, చాలా రోజుల తర్వాత అలా వదిలిందని జయమ్మ తర్వాత చెప్పింది. ఇక నా వైపు మొహం తిప్పలేదు. కొంగు తడుముకుని, నెత్తి నిండా కప్పుకుంది. బయటి మగవాళ్లు ఇంటికి వస్తే ఆ ఊళ్లో ఆడవాళ్లు అలాగే కప్పుకుంటారు. కప్పుకుని, గొంతు సవరించుకుని కోడలిని పిలిచింది.

"ఏంది పిల్లా, సారు కింద కూసున్నడు? కుర్సి ఎయ్యి."

జయమ్మ లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. నేను లేచి అందులో కూర్చున్నాను.